వంపు గోడకు కొబ్బరికాయ

మా మేనకోడలు మంగళవారాల్లో గోడ ఎక్కగలుగుతుందనీ, మిగతా రోజుల్లో జారిపోతుందనీ మా మరదలు మొదటిసారి చెప్పినప్పుడు నేను నవ్వాను. కారణం చెప్పకుండా చెప్పి ఉంటే నవ్వేదాన్ని కాదేమో. ప్రతి సోమవారం సాయంత్రం ఆ గోడ మొదట్లో తాను కొబ్బరికాయ కొట్టడమే అందుకు కారణమని ఆమె అన్నది. యంత్రభాగాల అరుగుదలను, రాపిడిని పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగ జీవితమంతా గడిపి, విరమణ తర్వాత ఏ.ఎస్. రావు నగర్‌లో స్థిరపడిన నాకు అటువంటి మాటను నవ్వకుండా వినే అలవాటు లేదు.

ముందుగా ఆ గోడ సంగతి చెప్పాలి. ఒక టీవీ ఛానల్ వారు అడ్డంకుల పందెం నడుపుతారు. పాల్గొనేవారు కడ్డీలకు వేలాడుతూ, ఊగే పలకల మీద దూకుతూ, తాళ్ళు పట్టుకుని నీటి గుంటలు దాటుతూ వచ్చి, చిట్టచివర ఒక వంపు గోడను ఎదుర్కొంటారు. కొంత దూరం పరుగుబాట ఉంటుంది. ఆ తర్వాత నేలే మెల్లగా లేచి గోడగా మారుతుంది. పైకి పోయేకొద్దీ నిటారై, అంచు దగ్గర కొద్దిగా మన మీదికే వంగుతుంది. ఎత్తు పద్నాలుగు అడుగులు. ప్రకటనలో చెప్పారు కాబట్టి కాదు, తర్వాత నేనే టేపు పెట్టి కొలిచాను కాబట్టి రాస్తున్నాను. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పరుగెత్తి వచ్చిన వేగంతోనే గోడ మీద మూడు నాలుగు అంగలు వేసి, చెయ్యి చాచి, పై అంచును అందుకోవాలి. మూడు ప్రయత్నాలు ఇస్తారు.

నా తమ్ముడి కూతురు వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టు. ఇతరుల నడుములూ మోకాళ్ళూ సరిచేస్తూ తన ఒంటిని ఉక్కులా మలుచుకున్న పిల్ల. కిందటేడు ఆ పందెంలో మిగతా అడ్డంకులన్నీ దాటి, ఈ గోడ దగ్గర మూడుసార్లూ జారి కిందికి వచ్చింది. ఆ జారడాన్ని ఛానల్ వారు నెమ్మదిగా, విషాద సంగీతంతో చూపించారు. ఈ ఏడు మళ్ళీ పిలుపు వచ్చింది. రెండుసార్లు పిలిచిన వారిని మూడోసారి పిలవరన్నది వారి నియమం. అంటే ఆ పిల్ల గోడ ఎక్కితే ఈసారి ఎక్కాలి, లేకపోతే ఇక లేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. భోజనం దగ్గర కూర్చున్నప్పుడు కూడా ఆమె కుడిచెయ్యి బల్ల అంచును పట్టుకుని చూస్తూ ఉండడం మాత్రం నేను గమనించాను.

సాధన కోసం తమ్ముడు అల్వాల్‌లో, తన ఇంటి పక్కనే ఉన్న అత్తవారి ఖాళీ స్థలంలో, అటువంటి గోడనే కట్టించాడు. కట్టినవాడు పెళ్ళి వేదికలు అలంకరించే ఆయన. ప్లైవుడ్‌ను చక్కగా వంచాడు, గట్టిగా బిగించాడు. వృత్తి అలవాటు కొద్దీ గోడకు రెండు వైపులా జరీ అంచులా బంగారు రంగు కూడా వేశాడు. పైన 'సుస్వాగతం' రాయబోతుంటే మేనకోడలు చూసి ఆపింది.

మా నాన్న వ్యాపారం కోసం కోస్తా నుంచి సికింద్రాబాద్ వచ్చినవాడు. మరదలి వారు తరతరాలుగా అల్వాల్ వారే. ఆమె తమ్ముణ్ణి పెళ్ళి చేసుకుని వచ్చిన రోజు నుంచి నా మాట ఆమెకూ, ఆమె మాట నాకూ వేళాకోళానికి పనికివస్తూనే ఉన్నాయి.

"మంగళారం పొద్దుగాల వచ్చి చూడు వదినె. బల్లి లెక్క ఎక్కుతది. నేను సోమారం కాయ కొడ్తున్న కాబట్టి."

"సోమవారం తను సాధన చెయ్యదు కాబట్టి. ఒంటికి విశ్రాంతి దొరికి మర్నాడు ఎక్కుతుంది" అన్నాను.

"సోమారం విశ్రాంతా? ఆదివారం పండ్లు తోమకుంట పండుకున్న నడుములన్ని సోమారమే క్లినిక్‌కు వస్తయి. నీ మేనకోడలు ఇంటికి వచ్చి కూసుంటే లేవదు."

చూడనిదే కాదనడం కూడా శాస్త్రం కాదు. అందుచేత నేను పొద్దున్నే ఆటోలో అల్వాల్ వెళ్ళి, గోడకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. కొన్ని వారాలు చూశాక తేలినదేమిటంటే, మరదలు చెప్పినది నిజం. మంగళవారం ఆ పిల్ల పాదం గోడకు అతుక్కున్నట్టు నిలిచేది. గురువారానికి తడబడేది. శనివారానికి వంపు మొదలయ్యే చోటే కాలు జారేది. ఒక తప్పుడు వాదన నిజమని తేలినప్పుడు కలిగే అసౌకర్యం అనుభవించిన వారికే తెలుస్తుంది.

విశ్రాంతి అన్న నా వివరణను మొదట పరీక్షకు పెట్టాను. ఒక వారం కాయను సోమవారం బదులు గురువారం సాయంత్రం కొట్టమని మరదలిని ఒప్పించాను. అందుకు గురువారానికి కూడా ఒక దేవుడున్నాడని ఆమెకే గుర్తుచేయవలసి వచ్చింది. శుక్రవారం పొద్దున పిల్ల చక్కగా ఎక్కింది. విశ్రాంతి వాదం అక్కడితో పోయింది. ఇక మిగిలింది నమ్మకం. కాయ కొట్టారని తెలిసినందువల్ల ధైర్యం వచ్చి ఎక్కుతున్నదా? దాన్ని తేల్చాలంటే ఒకసారి కాయ కొట్టకుండానే కొట్టినట్టు చెప్పాలి.

"కొట్టకుండ కొట్టిన్నని చెప్పాల్నా? దేవునితోని దొంగాటలా వదినె? నీకు భయం లేకుంటే లేకపాయె, నాకు పిల్లున్నది" అని మరదలు కుండ బద్దలు కొట్టింది.

నన్ను ఆదుకున్నవి చీమలు. ఒక మంగళవారం టీ గ్లాసు పట్టుకుని గోడ మొదట్లో నిలబడి ఉండగా, ఎర్రచీమలు బారులు తీరి వంపు మీదికి ఎక్కిపోతూ కనిపించాయి. అక్కడ వాటికి ఏమి దొరుకుతున్నదని వేలు పెట్టి చూశాను. ప్లైవుడ్ జిగటగా ఉంది. కొబ్బరికాయ కొట్టే రాయి ఆ పక్కనే ఉంది. కాయ పగిలినప్పుడు నీళ్ళు చిమ్మేది సరిగ్గా ఆ వంపు మీదికే, పరుగెత్తి వచ్చిన పాదం మొదటి అంగ వేసే చోటికే. నీళ్ళు రాత్రికి ఆరిపోతాయి. నీళ్ళలోని చక్కెర ఆరిపోదు. అది పలుచని పొరగా మిగిలి, బూటు అడుగున రబ్బరును పట్టుకుంటుంది. రెండు మూడు రోజుల్లో దుమ్ము చేరి, ఆ పట్టు పోతుంది. మంగళవారపు మహిమ, శనివారపు జారుడు, రెండూ ఒక్క వివరణలో ఒదిగిపోయాయి.

ఒదిగిపోయిన వివరణలన్నీ నిజాలు కావు గనుక, తర్వాతి ఆదివారం సాయంత్రం ఒక చెంబులో చక్కెర నీళ్ళు కలిపి, ఎవరూ లేని సమయం చూసి గోడ మొదట్లో పోస్తున్నాను. వెనక నుంచి మరదలి గొంతు వినిపించింది.

"ఏంది వదినె, గోడకు శర్బత్ తాపుతున్నవా?"

"నువ్వు వెళ్ళు. ఇది ప్రయోగం."

"నిమ్మకాయ సుత పిండకపోయినవా? ఎండల నిలవడ్డది పాపం."

ఆమెను బతిమాలి, రేపటి దాకా కూతురితో చెప్పనని మాట తీసుకున్నాను. సోమవారం క్లినిక్‌కు వెళ్ళే ముందు ఒక్కసారి పరుగెత్తి చూపమన్నాను. ఏమీ తెలియని ఆ పిల్ల ఎక్కింది. దిగివచ్చి, "అత్తా, ఇయ్యాల గ్రిప్ మస్తుంది, ఎందుకో తెలుస్తలేదు" అన్నది. నేను అప్పుడు ఇంట్లోంచి రెండు కిలోల తూనికరాయీ, ఆమె పాత బూటూ, స్ప్రింగ్ త్రాసూ తెప్పించాను. బూటులో రాయి పెట్టి, త్రాసు కొక్కెం తగిలించి లాగాను. పొడి ప్లైవుడ్ మీద ఒకసారి, అప్పుడే కొబ్బరినీళ్ళు చల్లిన చోట ఒకసారి, చల్లి ఆరబెట్టిన చోట ఒకసారి. ఆరిన చోట అన్నిటికంటే గట్టిగా లాగవలసి వచ్చింది. తడిచోట బూటు వెన్న మీద నడిచినట్టు వచ్చేసింది.

నేను ఈ ఫలితాన్ని వివరిస్తుంటే మరదలు చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నది.

"అంటే కాయ పనిచేస్తున్నట్టే గదా."

"కాయ కాదు. అందులోని చక్కెర."

"ఆ చక్కెర కాయల ఎవలు పోసిండ్రు? నువ్వు పోసినవా?"

టిఫిను పళ్ళెం పట్టుకుని అటుగా వచ్చిన తమ్ముడు, "ఇద్దరూ కరెక్టే అనుకోండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. ఆ మాటకు మేమిద్దరం ఒక్కటై అతని మీద విరుచుకుపడ్డాం.

చిత్రీకరణ ఒక బుధవారం, ఊరి బయట మైదానంలో. మేము పొద్దున్నే చేరుకున్నాం. మరదలు సంచిలో పీచు ఒలిచి పిలక మాత్రం ఉంచిన కాయ ఒకటి సిద్ధంగా ఉంది. అక్కడికి వెళ్ళాక తెలిసింది, కాయ తెచ్చినది ఆమె ఒక్కతే కాదని. ఏ బిడ్డ అయినా గోడ దగ్గరికి వచ్చే ముందు ఆ బిడ్డ తల్లి గోడ మొదట్లో కాయ కొట్టాలి, కెమెరా దాన్ని దగ్గరగా చిత్రీకరించాలి. సహాయ దర్శకుడైన యువకుడు ఈ ఏర్పాటు చేసి చాలా తృప్తిగా ఉన్నాడు. కాయ పగిలిన వెంటనే ఒక పనివాడు చెక్కలు ఏరి, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచేవాడు. మరు నిమిషంలో బిడ్డ పరుగెత్తుకుంటూ వచ్చేది.

మొదటి ముగ్గురూ ఒకేచోట జారారు. నాలుగో అబ్బాయి మొదటి అంగలోనే మోకాళ్ళ మీద పడ్డాడు. ఈసారి గోడ చాలా కష్టంగా పెట్టారని జనం గుసగుసలాడుకున్నారు. విరామంలో నేను వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. తుడిచిన చోట కంటికి కనిపించనంత పలుచగా తడి మిగిలి ఉంది.

నేను సహాయ దర్శకుడికి విషయం చెప్పాను. బూటు, త్రాసు, రాయి సంగతి కూడా చెప్పాను.

"తుడుస్తున్నం కద మేడం" అన్నాడతను మర్యాదగానే. "కాయ షాట్ లేకుంటే ఎపిసోడ్ల ఫీల్ రాదు. మదర్ సెంటిమెంట్ అది."

"ఆ సెంటిమెంటు మీదే పిల్లలు జారిపడుతున్నారు."

"జారితే అది సుత ఫీలే కద మేడం."

వేచి ఉన్న తక్కిన కుటుంబాల వారికి కూడా చెప్పాను. మా పిల్లకు మాత్రమే మేలు చేసే రహస్యంగా దాన్ని దాచుకోవడం నాకు ఇష్టం లేదు. వారు నన్ను ఎండ తగిలిన మనిషిని చూసినట్టు చూసి, మజ్జిగ ఇచ్చారు.

భోజన విరామం తర్వాత మొదటి వంతు మా పిల్లదేననీ, అది సుమారు రెండు గంటలకు వస్తుందనీ అన్నారు. అప్పటికి పన్నెండు కావస్తున్నది. ఎండ నిప్పులు చెరుగుతున్నది. భోజన విరామం మొదలైంది కాబట్టి ఒంటిగంటన్నర దాటేదాకా గోడ దగ్గరికి ఎవరూ రారు. నాకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. మరదలి దగ్గరికి పరుగున వెళ్ళాను.

"ఇప్పుడే కాయ కొట్టు. ఈ ఎండకు రెండింటికల్లా పూర్తిగా ఆరిపోతుంది."

మరదలు నన్ను నఖశిఖపర్యంతం చూసింది. "కాయ కొట్టుమని నువ్వంటున్నవా వదినె?"

"అవును. ఆలస్యం చెయ్యకు."

"ఇప్పుడెట్ల కొడ్త? పన్నెండు అయితుంది. రాహుకాలం షురూ అయితది. ఒకటిన్నర దాక కొట్టద్దు."

"ఒకటిన్నర తర్వాత కొడితే ఆరదు. తడి మీద జారిపోతుంది."

"రాహుకాలంల కొడితే మొత్తానికే జారిపోతది."

జీవితంలో మొదటిసారి నేను కొబ్బరికాయ కొట్టమని బతిమాలుతున్నాను. జీవితంలో మొదటిసారి ఆమె కొట్టనంటున్నది. తమ్ముడు కారు నీడలోకి వెళ్ళి నిద్ర నటించాడు. మేము అలా వాదించుకుంటూ ఉండగానే గడియారం ముల్లు పన్నెండు దాటింది. కాళ్ళకు పట్టీలు చుట్టుకుంటున్న మేనకోడలు చివరికి తల ఎత్తింది.

"అమ్మా, మనింట్ల మొక్కుకుంటే కాయ ఎప్పుడు కొడ్తరు?"

"పని అయినంక."

"అయితే మొక్కుకో. నేను ఎక్కినంక కొట్టు. ఎక్కకపోతే ఇంటికి తీసుకపోయి చట్నీ చెయ్యి."

మరదలు ఒక్క క్షణం ఆలోచించింది. మొక్కు అంటే అప్పు పెట్టుకున్నట్టు. ముందు పని జరగాలి, తర్వాత చెల్లించాలి. అందులో తప్పు పట్టడానికి ఆమెకు ఏమీ దొరకలేదు. నాకూ దొరకలేదు. చక్కెర పొర దక్కకపోయినా, తడి లేకుంటే చాలు. "అట్లయితే మంచిదే" అని ఆమె కాయను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకున్నది.

సహాయ దర్శకుడు మాత్రం గాబరా పడ్డాడు. "మదర్ షాట్ లేకుంటే ఎట్లమ్మా?"

"ఎక్కినంక తీసుకోండ్రి అన్నా" అన్నది మేనకోడలు. "ఎక్కుతనని గ్యారంటీ లేదు గానీ, షాట్ మాత్రం పక్కా."

అతను కాస్సేపు లెక్క వేసుకుని, "సరే, ఎడిటింగ్‌ల ముందుకు పెట్టుకుంటం" అన్నాడు. ఆ మాటను నేను అప్పుడు పట్టించుకోలేదు.

రెండు దాటాక ఆమె వచ్చింది. కడ్డీలూ, పలకలూ, తాళ్ళూ దాటి, జుట్టు నుంచి చెమట కారుతూ, గోడ ముందు నిలబడి ఊపిరి పీల్చుకున్నది. నేను చూస్తున్నది ఆమె ముఖం కాదు, ఆమె మొదటి అంగ పడే చోటు. అది పూర్తిగా పొడిగా ఉంది. ఆమె పరుగెత్తింది. పాదం జారలేదు. వేళ్ళు అంచుకు జానెడు దిగువన గాలిని పట్టుకున్నాయి. కిందికి జారివచ్చింది.

రెండోసారి వేళ్ళు అంచును తాకాయి. తాకి, విడిపోయాయి.

కింద కూర్చుని ఆమె అరచేతులు చొక్కాకు తుడుచుకున్నది. నిరుడు కూడా ఇక్కడి దాకా వచ్చింది. నా మణికట్టును మరదలు ఎప్పుడు పట్టుకున్నదో తెలియదు. ఆమె గోళ్ళు దిగుతున్నాయి. రెండో చేతిలో కాయ ఉంది. నాకు తెలిసిన రాపిడి సూత్రాలేవీ ఆ అంచుకూ ఆ వేళ్ళకూ మధ్య మిగిలిన దూరం గురించి ఏమీ చెప్పలేవు. పొడి నేల జారకుండా ఉండేందుకు సాయపడుతుంది, అంతే. పైకి తీసుకుపోయేది ఆ పిల్ల కాళ్ళే.

ఆమె ఈసారి మరికొంచెం వెనక్కి వెళ్ళింది. పరుగు మొదలైంది. ఒకటి, రెండు, మూడు అంగలు. నాలుగోది నేను ఆమె వేయగా ఎన్నడూ చూడనిది. చెయ్యి చాచింది.

"పట్టుకుందా వదినె? నేను కండ్లు మూసుకున్న."

"పట్టుకుంది. ఒక చెయ్యి."

"నిజమేనా? మంచిగ చూసి చెప్పు."

"రెండో చెయ్యి కూడా పట్టుకుంది. మోకాలు పెట్టింది. పైన ఉంది."

అప్పుడు గానీ ఆమె కళ్ళు తెరవలేదు. పైన మా పిల్ల బోర్లా పడుకుని, అంచు మీదుగా తల వేలాడదీసి, కింద మమ్మల్ని చూసి నవ్వుతున్నది. మరదలు ఏడుస్తూ వెళ్ళి గోడ మొదట్లో కాయ కొట్టింది. కాయ సరిగ్గా మధ్యకు పగిలింది. కెమెరా అంతా చిత్రీకరించింది.

ఆ ఎపిసోడ్ ప్రసారమైన రోజు అల్వాల్ ఇంట్లో వీధి వీధంతా కూర్చున్నది. తెర మీద మరదలు కన్నీళ్ళతో కాయ కొట్టింది. కాయ రెండు చెక్కలై పడింది. మరు క్షణంలో మేనకోడలు పరుగెత్తుకుంటూ వచ్చి, ఒకే ఒక్క ఊపులో గోడ ఎక్కేసింది. మొదటి రెండు ప్రయత్నాలు లేనేలేవు. ఇంతటి స్పష్టమైన సాక్ష్యాన్ని, ఇంత పూర్తిగా తప్పైన సాక్ష్యాన్ని, నా ఉద్యోగ జీవితంలో ఎవరూ నా ముందు పెట్టలేదు. గదిలోని వారందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ మరదలి చెయ్యి పట్టుకుని కాయ ఏ దుకాణంలో కొన్నదో అడిగింది.

"అట్ల కాదక్కా, నేను తర్వాత కొట్టిన" అన్నది మరదలు.

"టీవీల చూసినం కదా" అన్నది ఆవిడ.

వారం తిరక్కుండానే మరదలి నుంచి ఫోను వచ్చింది. "వదినె, నువ్వు జెర వచ్చిపో. పరేషాన్ అయితుంది. ఇక్కడ పిల్లలు నా మాట ఇంటలేరు."

వెళ్ళి చూస్తే, వచ్చే ఏడు పందేనికి తయారవుదామని వచ్చిన నలుగురైదుగురు అమ్మాయిలు గోడ ముందు ఉన్నారు. తలా ఒక కాయ. ఒకామె అప్పటికే కాయ కొట్టి, ఆ తడి మీదే పరుగెత్తి, నడుము పట్టుకుని పక్కన కూర్చుని ఉంది. మరదలు గోడకు అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఇగో, మా వదినె వచ్చింది. ఈమె చెప్పేది ఇనుండ్రి. చెక్ చెయ్యకుంట ఏదీ చెప్పదు ఈమె."

మా ఇన్నేళ్ళ బంధుత్వంలో ఆమె నన్ను సాక్షిగా పిలవడం అదే మొదలు. నేను గొంతు సవరించుకుని, తడి గురించీ, చక్కెర గురించీ క్లుప్తంగా చెప్పాను. చివరన నిలబడిన పొడుగుపాటి అమ్మాయి అంతా విని, చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే ఎప్పుడు కొట్టాలాంటీ?"

"ముందురోజు సాయంత్రం" అన్నాను నేను.

"ఎక్కినంక" అన్నది మరదలు, అదే క్షణంలో.

ఆ అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత కాయను పక్కన పెట్టి, గోడ మీద తడి లేని వైపు ఏదో వెతికి చూసుకుని, వంగి బూటు లేసులు బిగించుకోవడం మొదలుపెట్టింది.